అంబలి లేని వీధి

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
9 ఫిబ్రవరి 2025

చి. ప్రశాంతికి మావయ్య దీవెనలు.

నువ్వు కిరణ్‌కుమార్ ఫోనుకి పంపిన మెసేజీ చూశాను. నా సంగతులు వాడి ఫోనుకి రాయొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? నా కొడుకు ముందు తాను చదువుతాడు, తర్వాత పెళ్ళానికి చదివి వినిపిస్తాడు, ఆఖరుకి నాకు చూపిస్తాడు. ఆపాటికి నా షుగరు ఎంతుందో సగం వీధికి తెలిసిపోతుంది. పోనీ ఫోనులో మాట్లాడదామంటే, ముప్పై ఎనిమిదేళ్ళు వర్క్‌షాపులో రైలు చక్రాల మధ్య పనిచేసి చెవులు అక్కడే వదిలేసి వచ్చినవాడిని. మనిషి ముఖం నా వైపు ఉంటే పెదాలు చూసి మాట పట్టుకుంటాను. ముఖం లేకపోతే నాకు మాట లేదు. అందుకని ఉత్తరం రాయి. మీ మేనమామకి ఇంకా కళ్ళు ఉన్నాయి.

ఇక నీ పరిశోధన సంగతి. జనం ఏం తింటున్నారో తెలుసుకోవడానికి హైదరాబాదులో మేడ కట్టారు, ఏసీలు పెట్టారు, నీలాంటి వాళ్ళకి డాక్టరేట్లు ఇచ్చారు. ఇంతా చేసి మీరు అడిగేది "నిన్న ఏం తిన్నారు" అనా? మా అమ్మ ఈ ప్రశ్న గుమ్మంలో కనబడ్డ ప్రతివాడినీ అడిగేది. ఆవిడకి ఎవరూ డాక్టరేటు ఇవ్వలేదు.

నువ్వు పంపిన పిల్ల రష్మిత మొన్న మంగళవారం వచ్చింది. ఇక్కడి ఇంజనీరింగ్ విద్యాసంస్థలో చదువుతోందట, వరంగల్ వైపు పిల్ల. మర్యాద తెలిసినదే గాని బుర్ర లేదు. చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పుకి కాగితాలు పెట్టుకుని వీధిలోకి వచ్చింది. మన వీధిలో అట్ట పట్టుకుని వచ్చేవాడు ఎవడో నీకు తెలుసు కదా, రైల్వే క్వార్టర్ల తనిఖీవాడు. ఎదురింటి దోర్కా కంచం మీద గరిటతో కొట్టింది. నాకు వినబడదు, కుక్కలు లేచి పరుగెత్తడం చూసి తెలుసుకున్నాను. రెండు నిమిషాల్లో మేకలు స్నానాలగదుల్లోకి, అద్దెకున్నవాళ్ళు డాబాల మీదికి, తక్కినవన్నీ మంచాల కిందికి వెళ్ళిపోయాయి. ఆ పిల్ల వీధి మధ్యలో నిలబడి, "ఈ గల్లీల ఎవ్వలు ఉండరా అంకుల్?" అని నన్నే అడిగింది.

నీ పరువు కోసం నేనే దాన్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పాను. దోర్కా నిన్న చేపల పులుసు, పప్పు, ఆకుకూర, పెరుగు తిన్నామని చెప్పింది. ఆ ఇంట్లోకి పెరుగు వచ్చి నెలయింది. అందరూ అలాగే చెప్పారు. చుట్టాలు పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు చెప్పే వంటకాలన్నీ ఆ కాగితాల్లోకి ఎక్కాయి. ఆఖరి కాగితం వీధి మొత్తానిది. దాన్ని నేనే నింపి సంతకం పెట్టి ఇచ్చాను.

మా అప్ప, అదే మీ పెద్దమ్మ, బాగానే ఉంది. మోకాళ్ళు నొప్పులంటుంది, కూర్చోమంటే కూర్చోదు.

ఇట్లు,
మీ మావయ్య గోవిందరావు


హైదరాబాదు
2 మార్చి 2025

మావయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి మా ఆఫీసులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్క సీటువాళ్ళకి చెప్పాలనిపించలేదు. వాళ్ళకి కోపం రావచ్చు.

"నిన్న ఏం తిన్నారు" అన్నది చిన్న ప్రశ్న కాదు మావయ్యా. మనుషులు తమ ఇష్టప్రకారం తింటారని అందరూ అనుకుంటారు. అలా కాదు. గుమ్మం దిగి పది నిమిషాలు నడిస్తే ఏం దొరుకుతుందో అదే తింటారు. మంచి తిండి దూరంగా ఉండి, నూనెలో వేగినది దగ్గరగా ఉంటే, డాక్టరు ఎంత చెప్పినా కాళ్ళు దగ్గరికే వెళ్తాయి. మేము కొలిచేది ఆ దూరం.

మన వీధి ఫలితాలు వచ్చాయి. సింగాడాలూ కచోరీలూ నూనెలో వేయించి అమ్మే బళ్ళు తొమ్మిది. కూరగాయలు కావాలంటే గోల్‌బజార్ దాకా వెళ్ళాలి. పొద్దున్నే కడుపు నింపే మంచి తిండి ఏదీ నడక దూరంలో లేదు. చోళ్ళు (ఇక్కడివాళ్ళ రాగులు), జొన్నలు లాంటి చిరుధాన్యాలు తినే ఇల్లు ఒక్కటీ లేదు. మ్యాపులో అలాంటి చోట్లకి ఎరుపు రంగు వేస్తాం. మన వీధి మొత్తం ఎర్రగా వచ్చింది.

దిగులు పడకు, ఇది మంచి వార్తే. ఎరుపు వచ్చిన వీధుల్లో ఒకదానికి మా ప్రాజెక్టు నుంచి ఆరోగ్య ఆహార కేంద్రం ఇస్తారు. చోడి జావ, మొలకలు, ఉడికించిన గుడ్లు అమ్మే చిన్న గది. నేను పట్టుబట్టి మన వీధికే తెప్పించాను. మీరంతా పెంచిన రుణం ఇలాగైనా కొంచెం తీరుతుంది.

పెద్దమ్మ అంబలి అమ్మే మాట ఫారంలో ఎక్కడా కనబడలేదు. మోకాళ్ళ వల్ల మానేసి ఉంటుంది. మంచిదే, ఈ వయసులో ఆ కుండలు మొయ్యడం ఎందుకు. నువ్వు రాత్రిపూట అన్నం తగ్గించు. తగ్గించానని నాకు రాయడం కాదు, నిజంగా తగ్గించు.

ప్రశాంతి


ఓల్డ్ సెటిల్‌మెంట్
16 మార్చి 2025

ప్రశాంతికి,

దీవెనలు ఈసారి ఉత్తరం చివర, కోపం తగ్గితే రాస్తాను.

నిన్న ఒక కాంట్రాక్టరు, వాడి వెనక రష్మిత, టేపు పట్టుకుని వచ్చారు. వీధి మొగలో మునిసిపాలిటీ కుళాయి పక్కన నాలుగు మూలలా సున్నం గీశారు. ఆ చోటు ఎవరిదో తెలుసా నీకు? అప్ప కూర్చునే చోటు. ఆవిడ మానేసిందని నీకు ఎవరు చెప్పారు? చిలకమ్మ అంబలి మానేసిన రోజు ఖరగ్‌పూర్‌లో రైళ్ళు ఆగిపోతాయి.

మీ ఏసీ గదుల్లో మ్యాపుకి ఎర్ర రంగు పూస్తారా? ఈ వీధిలో పొద్దున్నే తినడానికి మంచిదేదీ దొరకదని మీకు చెప్పిన గుడ్డివాడెవడు? బావ పోయిన ఏడాది, అంటే తొంభై నాలుగులో మొదలుపెట్టింది అప్ప. ముందురోజు పిండి నానబెట్టి పులియనిస్తుంది, నూక వేసి కాస్తుంది, తెల్లారేసరికి మజ్జిగ కలిపి రెండు కుండలు ఆ మూలకి చేరుస్తుంది. చోళ్ళు పలాస నుంచి రైల్లో వస్తాయి. ఆరింటికల్లా నిమ్‌పురా యార్డుకి పోయే కాంట్రాక్టు కూలీలు వరసలో నిలబడతారు. బెంగాలీలు, ఒడియావాళ్ళు, మనవాళ్ళు, తల్లి తోబుట్టువైనట్టు అందరికీ ఆవిడ మాసీయే. గ్లాసు అంబలి, ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ. దాంతో మధ్యాహ్నం దాకా పట్టాలు ఎత్తుతారు. ఏడున్నరకి కుండలు ఖాళీ.

నువ్వు ఆరేళ్ళప్పుడు తల్లిని పోగొట్టుకుని ఈ ఇంటికి వచ్చినప్పుడు అగ్గిపుల్లలా ఉండేదానివి. నీ ఒంట్లో ఉన్న ఎముకలు ఆ కుండలోంచి వచ్చాయి. ఇప్పుడు నువ్వు డాక్టరువి అయ్యి, ఆవిడని లేపేసి, ఆవిడ చోటులో ఆవిడ వస్తువే ప్యాకెట్లలో పెట్టి అమ్మిస్తావా? పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా?

కాంట్రాక్టరు సున్నం గీస్తుంటే అప్ప కుండ పక్కనే కూర్చుని చూసింది. "ఏటి బాబూ, ఈడ ఏటి కడతారు?" అని అడిగింది. వాడు "హెల్తీ ఫుడ్, మాసీ" అన్నాడు. అప్ప వాడికి గ్లాసు అంబలి పోసి ఇచ్చింది. వాడు తాగి, మూతి తుడుచుకుని, నాలుగో గీత గీశాడు.

దీన్ని వెంటనే ఆపించు. దీవెనలు.

గోవిందరావు


హైదరాబాదు
27 మార్చి 2025

మావయ్యా,

మాకు చెప్పిన గుడ్డివాడెవడని అడిగావు. వెతికాను. దొరికాడు. అతను నింపిన కాగితం జిరాక్సు ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇరవై మూడో ప్రశ్న చూడు. "ఈ వీధిలో ఇంట్లో వండి బయట అమ్మేవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే పేరు, అమ్మే పదార్థం, ఎంతకాలంగా?" దాని ఎదురుగా గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా, "ఎవరూ లేరు" అని ఉంది. ఇరవై నాలుగో ప్రశ్న, చిరుధాన్యాల వంటకాలు దొరుకుతాయా? "దొరకవు." కింద సంతకం, జి. గోవిందరావు, రిటైర్డ్ సీనియర్ టెక్నీషియన్. ఆ సంతకం నాకు బాగా తెలుసు. నా ప్రోగ్రెస్ కార్డులన్నిటి మీదా ఉండేది.

ఎవరో ఏమరుపాటుగా వదిలేసిన ఖాళీ కాదు ఇది. నువ్వు తీరిగ్గా కూర్చుని రాసిన అబద్ధం. దాన్ని నమ్మి నేను మ్యాపు గీయించాను. ఇప్పుడు మ్యాపుని నువ్వే తిడుతున్నావు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది.

సరే, ఆపే దారి ఒకటుంది. ముందునుంచే అలాంటి తిండి అమ్మేవాళ్ళు ఉన్నచోట మా కేంద్రం పెట్టకూడదన్నది ప్రాజెక్టు నియమం. కాబట్టి "ఇరవై మూడో ప్రశ్నకి నేను రాసిన జవాబు తప్పు, ఫలానా ఆమె ఫలానా సంవత్సరం నుంచి అమ్ముతోంది" అని నువ్వు రాసి సంతకం పెట్టి పంపాలి. ఏప్రిల్ ఇరవైలోగా నాకు అందాలి. నాలుగు వాక్యాలు చాలు. నన్ను తిట్టడానికి నువ్వు వాడిన కాగితంలో పదో వంతు పట్టదు.

ప్రశాంతి


ఓల్డ్ సెటిల్‌మెంట్
6 ఏప్రిల్ 2025

ప్రశాంతికి మావయ్య రాయునది.

నీ చదువుకి జోహారు. నాలుగు వాక్యాలు చాలని ఎంత తేలిగ్గా రాశావు! ఆ నాలుగు వాక్యాలతో ఒక సంసారం రోడ్డున పడుతుంది. నేను రిటైరయ్యాక ఈ క్వార్టరు కిరణ్‌కుమార్ పేరు మీద ఉంది. క్వార్టర్లో వండి బయట వ్యాపారం చేయకూడదని అలాట్‌మెంటు కాగితం మీదే అచ్చువేసి ఉంటుంది. ఆ కాగితం నువ్వు ఎన్నడైనా చదివావా? వెనక వీధిలో ఒకాయన భార్య కుట్టుమిషను పెట్టుకుందని ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిప్పారు. అట్టకి క్లిప్పు పెట్టుకుని వచ్చినవాడికి ఈ వీధిలో నిజం చెప్పినవాడు లేడు, నూరేళ్ళ నుంచీ లేడు. అది అబద్ధం కాదు, ఇక్కడ కాపురం చేసే పద్ధతి.

అయినా నువ్వెందుకు రాయకూడదు? ఆ అంబలి తాగి పెరిగినదానివి. పద్దెనిమిదేళ్ళు ఈ ఇంట్లో ఉన్నావు. నీ కళ్ళతో చూసింది నీ పరిశోధనకి పనికిరాదా? చెవిటి ముసలాడి సంతకమే కావలసి వచ్చిందా?

నేను సంతకం పెట్టను.

ఇంకొక సంగతి. నువ్వు చేసిన ఘనకార్యం ఇది. నీ కవరు నా చేతికి రాకముందే కోడలు విప్పింది. అప్ప పక్కనే ఉల్లిపాయలు తరుగుతోంది. ఆవిడకి చదువు రాదు కదా, "ఏటి రాసింది మన పిల్ల?" అని అడిగితే, కోడలు జిరాక్సు కూడా విప్పి మొత్తం చదివి వినిపించింది. నేను గదిలోకి వచ్చేసరికి అప్ప కత్తిపీట పక్కకి తోసి ఉంది. నా వైపు తిరిగి అడిగింది.

"ఒరే గోవిందా, ఆ కాయితంలో ఎవరూ లేరని రాసినావా?"

క్వార్టరు కోసమే అన్నాను.

"ముప్పై ఒక్క ఏడు ఆ మూల కూకున్నాను. నేను ఎవరూ కానేటిరా?"

ఇంకా ఏదో అంది గాని, అప్పటికే ముఖం గోడ వైపు తిప్పేసింది. అది ఐదు రోజుల కిందటి మాట. అప్పటినుంచీ నాకు అన్నం పెడుతుంది, మందులు చేతికిస్తుంది, ముఖం మాత్రం చూపించదు. మామూలు మనిషితో మాట్లాడ్డం మానెయ్యాలంటే నోరు మూసుకోవాలి. నాతో మానెయ్యాలంటే తల తిప్పుకుంటే చాలు. వెనక నుంచి ఆవిడ దవడ కదలడం కనబడుతుంది, ఏమంటోందో తెలియదు.

నీ జిరాక్సు వల్ల నాకు దక్కింది ఇది.

గోవిందరావు


హైదరాబాదు
15 ఏప్రిల్ 2025

మావయ్యా,

పెద్దమ్మ వినేలా ఆ కాగితం చదువుతారని నేను అనుకోలేదు. ఆమె ముందు నేను తలెత్తుకోలేను. కానీ క్షమాపణ చెప్పవలసింది ఆమెకి, నీకు కాదు.

నేనెందుకు రాయకూడదని అడిగావు. నిజం చెప్పమంటావా? పెద్దమ్మ మానెయ్యలేదని నాకు తెలుసు. డిసెంబరులో కిరణ్ వీడియో కాల్ చేసినప్పుడు వాడి వెనక వంటింట్లో రెండు కుండలూ కనబడ్డాయి. మూతల మీద తడిగుడ్డ కప్పి ఉంది. ఫారంలో "ఎవరూ లేరు" అని చూడగానే ఇది అబద్ధమని తెలిసింది. మానేసి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వీధి ఎర్రగా ఉంటేనే కేంద్రం వస్తుంది. కేంద్రం వస్తేనే నా పేరు పైకి వస్తుంది. అదొకటి. రెండోది, మా ఆఫీసులో నేను రైల్వే ఆఫీసరు గారి ఇంట్లో పెరిగానని చెప్పుకున్నాను. రోడ్డు మీద అంబలి అమ్మే పెద్దమ్మ పెంచిందని ఏడేళ్ళుగా ఒక్కరికీ చెప్పలేదు. చోళ్ళ గొప్పతనం మీద మూడు ఊళ్ళలో ఉపన్యాసాలు ఇచ్చాను. నా చిన్నతనం మాట వాటిలో లేదు.

ఇప్పుడు నీ సంగతి. క్వార్టరు పోతుందని రాశావు. ఎవరికి చెప్తున్నావు మావయ్యా? క్వార్టర్ల ఇన్‌స్పెక్టరు గురువారం గురువారం పెద్దమ్మ దగ్గర నిలబడి రెండు గ్లాసులు తాగేవాడు. ఆయనకి ఉల్లిపాయలు వేసేది నేనే. ఇప్పుడున్నాయన కూడా గురువారమే వచ్చి తాగుతాడని కిరణే చెప్పాడు. ఆ మూల సంగతి రైల్వే మొత్తానికి తెలుసు. ఒకరోజు పాత ఇన్‌స్పెక్టరు "గోవిందరావు గారి మేనకోడలివా అమ్మా?" అని నన్ను అడిగాడు. కాదండీ అన్నాను. నాకప్పుడు ఏడేళ్ళు. ఎవరడిగినా అలాగే చెప్పమన్నది నువ్వు.

తనిఖీవాడికి భయపడి ఆ మాట చెప్పించావా? తనిఖీవాడు అక్కడే నిలబడి తాగుతున్నాడు కదా. నీది భయం కాదు. నేను కూడా అబద్ధం నీ దగ్గరే నేర్చుకున్నాను, మనిద్దరికీ ఒకటే జబ్బు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

ఇరవయ్యో తేదీకి ఇంకా ఐదు రోజులున్నాయి.

ప్రశాంతి


ఓల్డ్ సెటిల్‌మెంట్
4 మే 2025

చి. ప్రశాంతికి,

నీ ఇరవయ్యో తేదీ దాటిపోయింది. నీ ఉత్తరం చించి పారేశాను, మళ్ళీ ముక్కలు ఏరి చదివాను. ఆ తర్వాత పది రోజులు నిన్ను మనసులో తిడుతూ కూర్చున్నాను.

నీ కేంద్రం వచ్చేసింది. పచ్చరంగు రేకుల డబ్బా, పైన బోర్డు, బోర్డు మీద తిరగలి విసురుతూ నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. తిరగలి విసిరేటప్పుడు ఎవరైనా అలా పళ్ళు బయటపెట్టి నవ్వడం నేను చూడలేదు. ప్రారంభానికి మీ సంస్థ నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, చోళ్ళంటే ఏమిటో మాకు ఉపన్యాసం ఇచ్చారు. చోడి అంబలి తాగి పుట్టి, చోడి అంబలి తాగి పళ్ళూడిన ముసలాళ్ళం పాతికమందిమి కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టాము. దోర్కా "దీనికి ఇంత పేరు ఉందేటి?" అని అడిగింది. ఒకాయన ఆవిడ ఆరోగ్య స్పృహకి సంతోషించాడు.

ఇంతకీ ఆ డబ్బా ఎన్నింటికి తెరుస్తారో తెలుసా? పదింటికి. ఆరింటికి పోయే కూలీల కోసం పెట్టిన కొట్టు పదింటికి తెరుస్తారు! ఎందుకని రష్మితని అడిగితే, "ఆఫీసు టైమింగ్ అంకుల్" అని తల దించుకుంది. పాపం, దానికి ఏడుపొచ్చినట్టుంది. మొదటి మూడు రోజులు కూలీలు వచ్చి తాళం చూసి, "మాసీ కొథాయ్?" అని, ఆవిడ ఎక్కడని అడిగారు. నాలుగో రోజు నుంచి కచోరీ బండి దగ్గర నిలబడుతున్నారు. మీ మ్యాపు ఇప్పుడు నిజంగా ఎర్రబడింది. శాస్త్రం నిజమైంది, సంతోషించు.

అప్ప పొద్దున్నే నాలుగింటికి లేస్తోంది, చేతిలో పని లేక గిన్నెలు మళ్ళీ తోముతోంది. మనిషి సగమయింది. ముఖం ఇంకా అటే.

నువ్వు రాసింది నిజం. నాది భయం కాదు, సిగ్గు. ఆవిడ మొదలుపెట్టిన వారంలోనే వర్క్‌షాపులో ఒకడు అడిగాడు, "ఆ మూల అంబలి అమ్మే ఆవిడ మీకేమవుతుంది?" అని. "మా ఊరావిడ" అన్నాను. అప్పుడు నాకు ప్రమోషను వచ్చి నాలుగు నెలలు. అంబలి అంటే బియ్యం కొనలేనివాళ్ళ తిండి అని మా నాన్న హయాం నుంచీ నా బుర్రలో కూర్చుంది. ఒకసారి మా ఊరావిడ అన్నాక మళ్ళీ మా అప్ప అనడానికి సందు దొరకలేదు. డ్యూటీకి ఆ మూల మీదుగా పోకుండా, వెనక వీధి చుట్టూ తిరిగి సైకిలు మీద పోయేవాడిని. రిటైరయ్యేదాకా అంతే. ఆవిడకి తెలుసో తెలియదో అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తెలియకుండా ఎలా ఉంటుంది? రోజూ ఆరింటికి తమ్ముడి సైకిలు ఎటు పోతోందో చూడలేదా?

నీ ఫారం మీద ఇరవై మూడో ప్రశ్న చదివినప్పుడు నాకు క్వార్టరు గుర్తు రాలేదు. ఆ పిల్ల రష్మిత పక్కన నిలబడి ఉంది. "సార్ చాలా పెద్ద పోస్టులో చేసినట్టున్నరు" అని అప్పుడే అంది. ఆ మాటకి ఉబ్బిపోయి "ఎవరూ లేరు" అని రాశాను. అంతే. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మూల కూర్చున్న మనిషిని ఒక్క పొగడ్తకి అమ్మేశాను.

కాగితం పంపుతున్నాను.

"ఇరవై మూడు, ఇరవై నాలుగు ప్రశ్నలకి నేను రాసిన జవాబులు అబద్ధం. తెలిసే రాశాను. ఈ వీధి మొగలో కుళాయి పక్కన చిలకమ్మ అనే ఆమె 1994 నుంచి చోడి అంబలి వండి అమ్ముతోంది. వండేది నా కొడుకు క్వార్టర్లో. ఆమె నా సొంత అక్క. జి. గోవిందరావు."

నాలుగు కాదు, ఐదు వాక్యాలయ్యాయి. ఐదోది నీ నియమాలకి అక్కర్లేకపోయినా కొట్టెయ్యొద్దు. కిరణ్‌కుమార్‌కి చూపించే సంతకం పెట్టాను. "క్వార్టరు పోతే ఎక్కడికెల్తాం నాన్నా? నువ్వు మాట సెప్పినావు, మోసేది నేను కదా" అని అరిచాడు. వాడి మాటలో తప్పు లేదు. అయినా పంపుతున్నాను.

గోవిందరావు


హైదరాబాదు
19 మే 2025

మావయ్యకి నమస్కారాలు.

నీ కాగితం అందింది. దానితో పాటు నాది కూడా ఒకటి రాసి ఇచ్చాను. అబద్ధమని తెలిసీ ఊరుకున్నానని, నేను ఆ ఇంట్లోనే పెరిగానని రాశాను. మా ఆఫీసు పెద్దాయన రెండూ చదివి కళ్ళజోడు తీశాడు. "ఒక ముసలాయన సిగ్గు వల్ల మా రిపోర్టు మార్చాలా?" అన్నాడు. "రిపోర్టు తయారైంది కూడా ఆ సిగ్గు వల్లే కదండీ" అన్నాను.

నియమం నియమమే కాబట్టి ఆఖరుకి ఒప్పుకున్నారు. కేంద్రాన్ని బస్‌స్టాండు వైపు మారుస్తారు. దాని గంటలు మార్చడానికి మాత్రం ఇంకో కమిటీ కూర్చోవాలట. ఈ సర్వే మీద అచ్చయ్యే వ్యాసంలోంచి నా పేరు తీసేశారు. నవంబరులో నా ఉద్యోగం పొడిగింపు ఉంటుందో లేదో ఎవరూ చెప్పడం లేదు. మ్యాపులో మన వీధికి ఏ రంగు వెయ్యాలో తెలియక తెల్లగా వదిలేశారు.

ఒక చెడ్డ కబురు. స్థలం రైల్వేది కాబట్టి నీ కాగితం నకలు క్వార్టర్ల ఆఫీసుకి కూడా వెళ్ళింది. నేను ఆపలేకపోయాను. కిరణ్‌కి నేనే రాస్తాను.

పెద్దమ్మకి ఏం రాయాలో తెలియడం లేదు. కోడలితో చదివించవద్దు, నువ్వే ఆమె ఎదురుగా కూర్చుని గట్టిగా చదువు. "పెద్దమ్మా, నువ్వు పెంచిన పిల్లనని ఆఫీసులో అందరికీ చెప్పాను." ఇదొక్కటే.

ప్రశాంతి


ఓల్డ్ సెటిల్‌మెంట్
8 జూన్ 2025

చి. ప్రశాంతికి మావయ్య అనేక దీవెనలు.

క్వార్టర్ల ఆఫీసు నుంచి కిరణ్‌కుమార్‌కి నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. దాని మీద సంతకం చేసినవాడు గురువారాల అంబలివాడే. సంజాయిషీ నేనే రాసి పెట్టాను. ఆవిడ నా అక్క, వండుతుంది, అమ్ముతుంది, తమరు కూడా తాగారు అని రాశాను. ఆఖరి ముక్క కిరణ్‌కుమార్ కొట్టేశాడు. ఏమవుతుందో తెలియదు. ఇంట్లో వాడూ మాట్లాడడు, కోడలూ మాట్లాడదు. చెవిటివాడి ఇంట్లో ఇంతమంది మౌనవ్రతం పట్టడం దండగ ఖర్చు.

నీ వాక్యం అప్ప ఎదురుగా కూర్చుని చదివాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. తల అటు తిప్పుకునే, "పిల్ల ఉద్యోగం పోద్దేటి?" అని కోడలిని అడిగిందట.

నీ పచ్చ డబ్బాని బుధవారం క్రేనుతో ఎత్తి లారీలో వేసుకుపోయారు. బొమ్మలో ఆడమనిషి లారీ మీద కూడా నవ్వుతూనే పోయింది. గురువారం అప్ప చోళ్ళు చెరిగింది. శుక్రవారం తెల్లవారుజామున నేను లేచేసరికి వంటింట్లో కుండలు లేవు. ఇన్నాళ్ళూ మోసింది ఎవరో కూడా నాకు సరిగ్గా తెలియదు. దోర్కా ఒకటి, ఆవిడ ఒకటి పట్టుకుపోతారట, కోడలు ఒక కాగితం మీద రాసి చూపించింది.

చొక్కా వేసుకుని బయలుదేరాను. వెనక వీధి వైపు కాదు, మొగ వైపే. ఆరు కావడానికి ఇంకా పావుగంట ఉంది. కబురు ఎలా పాకిందో గాని కూలీలు అప్పటికే వరస కట్టారు. ఆ వరసలో మా వర్క్‌షాపులో నా కింద పనిచేసిన ఒకాయన ఉన్నాడు, ఇప్పుడు ఆయన కూడా రిటైరే. నన్ను చూసి, "గోవిందరావు దాదా, మీరిక్కడ ఏటి?" అన్నాడు. "మా అప్ప దగ్గరికి వచ్చాను" అన్నాను. పెద్దగానే అని ఉంటాను, చెవిటివాడికి తన గొంతు ఎంతో తెలియదు. వరసలో అందరూ వెనక్కి తిరిగి చూశారు.

రోడ్డు మీద నిలబడి ఆ అంబలి తాగడం నా బతుకులో అదే మొదటిసారి. సరాసరి కుండ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను, తమ్ముడిని కదా, పోస్తుందనుకున్నాను. అప్ప గరిట కుండలోనే ఆపింది. నెలలు గడిచాక నిండు ముఖం నా వైపు తిప్పింది. ఒక్కొక్క మాటా నాకు అందేలా, నిదానంగా అంది.

"ఎనక్కెల్లు. డూటీకెల్లేవోల్లని ముందు రానీ."

వెళ్ళి ఆఖరున నిలబడ్డాను. నా ముందు పదకొండు మంది ఉన్నారు.

మీ మావయ్య
గోవిందరావు